గాడి లేని బోల్టు

ఖాకీ కోటును సబ్బునీళ్ళలో ముంచే ముందు లీలమ్మ దాని జేబులు తడిమి చూసింది. రాజన్న జేబుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. నూనె గుడ్డ, నట్టు, సగం కాల్చి ఆర్పిన బీడీ. ఆ ఆదివారం కుడి జేబులో, నల్లబడ్డ పేలికలో చుట్టి ఒక బోల్టు దొరికింది. వేలెడు పొడవుంది. చేతిలో పెట్టుకుంటే దాని సైజుకు మించిన బరువు.

"గిదేనా అది?" అనుకుని నవ్వుకుంది.

వారం రోజులుగా ఇంట్లో ఆ బోల్టు మాటే. రాజన్న ఊరికి ఉత్తరాన ఉన్న విమానాల వర్క్‌షాప్‌లో ఫిట్టరు. వర్క్‌షాప్‌ను ఆనుకునే ఎయిర్‌ఫీల్డ్ ఉంది. ఆ ఏడు అక్కడ విమానాల ప్రదర్శన పెట్టారు. జెట్లు, హెలికాప్టర్లు, గొడుగులు కట్టుకుని దూకే సిపాయిలు, అన్నీ ఉన్నాయి గానీ జనమంతా చూడాలనుకున్నది ఒక్కదాన్నే. రెండో ప్రపంచ యుద్ధంలో కొట్లాడిన స్పిట్‌ఫైర్ విమానం. ఒక్క మనిషి కూర్చునేది, ముందు పంకా తిరిగేది. ఇంకా ఎగురుతున్నవి దేశంలో చాలా తక్కువట. దాన్ని సిద్ధం చేసేవాళ్ళలో రాజన్నను కూడా వేశారు.

మొదటి రోజు సంబరంగా వచ్చాడు. "మా బాపు పెండ్లికి ముందుదే అది" అన్నాడు. రెండో రోజు నుంచి అన్నం సరిగ్గా తినలేదు. "గింత పాత ఇనుము. ఏది ఎప్పుడు పుటుక్కుమంటదో ఎవరికెరుక?" అన్నాడు. మూడో రోజు ఈ బోల్టు సంగతి చెప్పాడు. విమానం తోక దగ్గర ఒక పలక ఉంటుంది. అది కదిలితేనే విమానం ముక్కు పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. పలకను కదిలించే కడ్డీని పట్టి ఉంచేది ఈ బోల్టే.

"నడుమ గాడి పడ్డది" అన్నాడు కంచం ముందు కూర్చుని. "ముప్ఫై నలభై ఏండ్లు ఒక్కకాడనే రాసుకున్నది. గోరు పెడితే దిగుతది."

"తెగితే?"

రాజన్న అరచేతిని గాలిలో విమానంలా పట్టి, కంచంలోకి వంచాడు. పిల్లలిద్దరూ కిలకిలా నవ్వారు. అతను నవ్వలేదు.

శనివారం సాయంత్రం ఇంటికి వచ్చీరాగానే "మార్చిన" అన్నాడు. "కొత్తది లేత్ మిషన్ మీద తీసిచ్చిండ్రు, ఎక్కిచ్చిన. పాతది జేబుల ఉన్నది, పొద్దున చూపిస్తా." అంతే, చాప మీద వాలి నిద్రపోయాడు. తెల్లవారకముందే లేచి, ప్రదర్శన కోసం ఇచ్చిన కొత్త బట్టలు తొడుక్కుని వెళ్ళిపోయాడు. చూపించడం మరిచిపోయాడు.

అందుకే లీలమ్మ ఆ గాడి ఎట్లా ఉంటుందో చూద్దామని బోల్టును పేలికతో తుడిచింది. బొటనవేలు గోటిని దాని మీద పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు లాగింది. గోరు ఎక్కడా ఆగలేదు. తిప్పి లాగింది. ఆగలేదు. నూనె అడ్డం వస్తోందేమో అనుకుని సబ్బుతో కడిగి, చీర కొంగుతో తుడిచి, వాకిట్లో ఎండకు పట్టింది. బోల్టు తళతళా మెరిసింది. చుట్టూ నున్నగా ఉంది, ఒక్క గీత లేదు.

ఇది కొత్తది. మరి విమానంలో ఉన్నది?

బకెట్టు పక్కనే కూలబడింది. చుట్టూ ధూల్‌పేట్ గల్లీ అంతా పండగలా ఉంది. చవితికి అమ్ముడుపోని వినాయకులను గోడల వారకు జరిపి, మట్టి కుప్పల మీదుగా పిల్లలు ఉరుకుతున్నారు. అందరూ డాబాలు ఎక్కుతున్నారు. విమానం మధ్యాహ్నం ఊరి మీదికి వచ్చి, మూసీ దాటి, చార్మినార్ చుట్టూ తిరిగి పోతుందని నిన్ననే తెలిసింది. ఆ తర్వాత ఎయిర్‌ఫీల్డ్ మీద పల్టీలు కొడుతుందట. లీలమ్మ పిల్లలు అప్పుడే నాలుగిళ్ళ అవతల ఎత్తు డాబా మీద చోటు పట్టుకున్నారు.

"అత్తా" అని పిలిచింది.

రాజన్న తల్లి ఆగమ్మ లోపలి నుంచి వచ్చింది. లీలమ్మ చెప్పింది విన్నది. బోల్టును అటూ ఇటూ తిప్పి చూసి, అరచేతిలోనే మూసేసింది.

"వాడు నీకంటె ఎరుకలేనోడా? నువ్వెన్నడన్న విమానం చూసినవా?"

"గాడి లేదు అత్తా. గాడి పడ్డదని నీ ముంగటనే చెప్పిండు."

"గాడి అరిగి పోయిందేమో. గంతమంది సాబులు చూడకుంటనే ఎగిరిస్తరా?"

"చూసే ఉంటరు. తల రెంటికీ ఒక్కతీరే ఉంటది. బిగిచ్చినంక నడుమ ఎట్ల కనవడుతది?" లీలమ్మ లేచింది. "నేను ఫోన్ చేస్త. ఉస్మాన్‌గంజ్‌ల సేటు ఇంట్ల ఫోనున్నది."

ఆగమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. ముసలి చెయ్యి ఇనుప కడియంలా బిగుసుకుంది. "పిచ్చి లేసిందా? నువ్వు చెప్పింది నిజమైతే వాని నౌకరి పోతది. జైల్ల ఏస్తరు. అబద్ధమైతే పెండ్లాం మాటలు వట్టుకొని లొల్లి చేసిండని నలుగుట్ల ఇజ్జత్ పోతది. ఊకో. ఏం గాదు."

ఏం కాకపోవచ్చు. అదే లీలమ్మను ఎక్కువ భయపెట్టింది. చేతులు కట్టుకుని కూర్చుంటే ఏం కాకపోవచ్చు కూడా. ఆ మాట పట్టుకుని కూర్చోవాలని ఆమెకూ ఒక్క క్షణం అనిపించింది. అప్పుడే డాబా మీద నుంచి చిన్నది "అమ్మా, జల్ది రా" అని అరిచింది.

"అత్తా, పిల్లలు డాబా మీదున్నరు. అది గీ డాబాల మీంచే పోతది."

ఆగమ్మ డాబా వైపు చూసింది. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. బోల్టును కోడలి చేతిలో పెట్టి, పిల్లలను దింపడానికి ఆ డాబా ఇంటి వైపు నడిచింది.

జుమ్మేరాత్ బజార్ మీదుగా లీలమ్మ ఉరికింది. చెప్పులు వేసుకోలేదని సగం దూరం పోయాక గాని తెలియలేదు. బేగంబజార్ దుకాణాలు సగం మూసి ఉన్నాయి. కూలీలు, బండ్లవాళ్ళు రోడ్డు మధ్యన నిలబడి ఆకాశం చూస్తున్నారు. ఎవరికైనా తగిలితే "అరే, దేఖ్‌కే చలో అమ్మా" అంటున్నారు. ఏ మోటారు చప్పుడైనా ఆమె మెడ పైకి లేచిపోతోంది. లారీ. ఆటో. మళ్ళీ లారీ. బోల్టు పట్టుకున్న చేతికి చెమట పట్టి అది జారుతుంటే కొంగులో ముడి వేసుకుంది. మళ్ళీ భయమేసి ముడి విప్పి పిడికిట్లోనే పట్టుకుంది.

అమరనాథ్ సేటుది మిరపకాయల టోకు దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. సీజనులో లీలమ్మ అక్కడ తొడిమలు తీసే పనికి పోతుంది. దుకాణానికి తాళం వేసి ఉంది. పక్క మెట్లెక్కి తలుపు బాదింది.

సేటు భార్య లక్ష్మీకాంతమ్మ తలుపు తీసింది. "ఏంది లీలమ్మా, ఎవరికేమైంది?"

"ఫోన్ గావాలె సేటమ్మా. మీ కాళ్ళు మొక్కుత. మా ఆయనకు చెయ్యాలె. విమానం పడిపోతది."

లక్ష్మీకాంతమ్మకు ఏమీ అర్థం కాలేదు. అయినా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. కుర్చీ పక్కన బల్ల మీద నల్లటి ఫోను ఉంది. నంబర్లు తిప్పే చక్రానికి ఇత్తడి తాళం వేలాడుతోంది.

"తాళంచెవి ఆయన జేబుల ఉంటది" అంది లక్ష్మీకాంతమ్మ. "ఆయన గా విమానాలు చూడనీకెనే పోయిండు."

లీలమ్మ తాళాన్ని లాగింది. గుంజింది. "పలగ్గొడుదమా సేటమ్మా?"

"ఆగు." లక్ష్మీకాంతమ్మ తలుపు దగ్గరికి పోయి మెట్ల వైపు ఒకసారి చూసి, గడియ పెట్టి వచ్చింది. ముఖం ఎర్రబడింది. "తాళం తియ్యకుంట చేసుడు నాకొస్తది. మా అమ్మతోని మాట్లాడుత అప్పుడప్పుడు. ఆయనకు తెలిస్తే ఫోనే తీసి పారేస్తడు. నువ్వెన్నడూ అనొద్దు."

"అనను. నా పిల్లల మీద ఒట్టు."

"నంబర్ ఎరుకేనా?"

ఎరుకే. పిల్లలకు జ్వరమొచ్చినా, ఇల్లు కాలినా పనికొస్తుందని రాజన్న వర్క్‌షాప్ గేటు నంబరు ఆమెతో వల్లె వేయించాడు. లీలమ్మ ఒక్కొక్క అంకె చెబుతుంటే లక్ష్మీకాంతమ్మ రిసీవరు చెవికి పెట్టుకుని, ఫోను మీద అది ఆనే మీటను వేలితో టకటకా నొక్కింది. అయిదుకు అయిదు సార్లు, మూడుకు మూడు సార్లు. మధ్యలో ఆగింది. మళ్ళీ నొక్కింది. గంట మోగింది.

"హలో, కౌన్?" అంది అవతలి గొంతు.

"అన్నా, వర్క్‌షాపేనా?" అంది లక్ష్మీకాంతమ్మ.

"నై అమ్మా, యే లాడ్ బజార్ హై. చూడియోఁ కీ దుకాన్."

గాజుల దుకాణం. లెక్క తప్పింది. లక్ష్మీకాంతమ్మ ఫోను పెట్టేసి, చెమట పట్టిన వేలిని చీరకు తుడుచుకుంది. "పరేషాన్ జెయ్యకు నన్ను, నిమ్మలంగ చెప్పు" అంది. లీలమ్మ కళ్ళు మూసుకుని మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి గంట చాలాసేపు మోగింది. తర్వాత ఎవరో ఎత్తారు. లక్ష్మీకాంతమ్మ రిసీవరును లీలమ్మ చేతికిచ్చింది. ఆ గొంతు లీలమ్మకు తెలుసు. గేటు దగ్గర కూర్చునే మొగులయ్య. రాజన్నతో కలిసి ఒకటి రెండుసార్లు ఇంటికి వచ్చాడు.

"మొగులన్నా, నేను లీలమ్మను. రాజన్న పెండ్లాన్ని. ఆయనను పిలువు అన్నా."

"చెల్లే, షో నడుస్తున్నది. ఎవ్వరినీ పిలువొద్దన్నరు. ఇంట్ల ఎవరికన్న—"

"ఇంట్ల కాదన్నా. విమానం. ఆయన బిగిచ్చిన పాత విమానం. అండ్ల తప్పు బోల్టు పడ్డది. కొత్తది నా చేతుల ఉన్నది."

మొగులయ్య ఇంకేమీ అడగలేదు. "ఉండు. పెట్టకు" అన్నాడు. ఏవో కటకటలు. లోపలి లైను కలిపాడు. ఎక్కడో గంట మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. అది ఆగి మళ్ళీ మోగింది. చివరకు ఎవరో ఎత్తి అరిచారు. మొగులయ్య కూడా అరిచాడు. ఆ తర్వాత చాలాసేపు జనం గోల, మైకులో ఒక మనిషి ఇంగ్లీషు, బ్యాండు చప్పుడు.

"లీలా?" రాజన్న రొప్పుతున్నాడు. "పిల్లలకేమైంది?"

"పిల్లలు మంచిగున్నరు. నీ కోటు జేబుల బోల్టున్నది."

"పాతది అది. గందుకా ఫోను? గిక్కడ నేను—"

"గాడి లేదు."

"ఏంది?"

"గాడి లేదు. గోరు పెట్టి చూసిన. కడిగి చూసిన. చుట్టూ నున్నగున్నది."

అవతల మైకు మోగుతోంది.

"మల్ల చూడు" అన్నాడు రాజన్న. "వెలుతురుల పెట్టు. సరిగ్గ నడుమ."

లీలమ్మ బోల్టును లక్ష్మీకాంతమ్మకు ఇచ్చింది. ఆమె కిటికీ దగ్గరికి పోయి, ఎండలో తిప్పి తిప్పి చూసి తల అడ్డంగా ఊపింది. "ఏం లేదు. కొత్త గిన్నె లెక్కున్నది."

"లేదు" అంది లీలమ్మ ఫోనులో. "సేటమ్మ కూడ చూసింది. లేదు. విమానం యాడున్నది?"

"పోయింది. ఇప్పుడే లేసింది."

"చెప్పు వాళ్ళకు. ఉరుకు."

"లీలా..." అన్నాడు. ఆ ఒక్క మాటలో అతను ఏం చూస్తున్నాడో ఆమెకు తెలిసింది. పదిహేనేళ్ళ నౌకరీ, చొక్కా మీది బిల్లా, అందరి ముందు తల వంచుకుని నిలబడటం. ఒక్క క్షణం అతను కదలలేదు. తర్వాత రిసీవరు బల్ల మీద పడ్డ చప్పుడు, సిమెంటు మీద బూట్లు ఉరికిన చప్పుడు.

లీలమ్మ ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది. మైకులో మనిషి ఇప్పుడు తెలుగులో మాట్లాడుతున్నాడు. అలనాటి యుద్ధ విమానం నగర ప్రజలకు నమస్కారం చెప్పడానికి బయలుదేరిందన్నాడు. జనం చప్పట్లు. ఆ చప్పట్ల కింద సన్నగా ఒక మోత దూరమవుతోంది. కొద్దిసేపటికి అదే మోత ఆమె రెండో చెవికి వినిపించడం మొదలైంది, కిటికీలోంచి.

జెట్టు చప్పుడు కాదది. గొంతు గరగరలాడే మోత, లోతుగా, లయగా ఉంది. గూట్లో గ్లాసులు సన్నగా వణికాయి. వీధిలో జనం ఒక్కసారిగా "ఓ" అని అరిచారు.

"సేటమ్మా, మీరు చూసి చెప్పుండ్రి. నేను ఫోన్ ఇడువ."

లక్ష్మీకాంతమ్మ వరండాలోకి ఉరికింది. "వచ్చింది, వచ్చింది! మస్తు కిందికున్నది. అఫ్జల్‌గంజ్ మీదికెల్లి పోతున్నది."

"సక్కగ పోతున్నదా?"

"సక్కగనే. మూసీ దాటింది. ఆగు. ఒక రెక్క వంచిండు. తిరుగుతున్నది."

"పడుతున్నదా?"

"లేదు, తిరుగుతున్నది. అమ్మో, పైకి పోతున్నది నిట్టనిలువుగ."

ముక్కు పైకి లేస్తోందంటే పలక కదులుతోంది. పలక కదులుతోందంటే అరిగిన ఆ బోల్టు మీద బరువంతా పడుతోంది. ఫోనులో రాజన్న లేడు, ఎవరూ లేరు. దూరంగా ఎవరో "రేడియో, రేడియో" అని అరిచారు. లోపల కూర్చున్న ఆ పైలట్ ఎవరో ఆమెకు తెలియదు. పేరు కూడా తెలియదు. అతనికి పెళ్ళాం ఉంటుంది, ఆమె కూడా ఎక్కడో కుర్చీలో కూర్చుని చప్పట్లు కొడుతూ ఉంటుంది అనిపించింది.

"వంగింది" అంది లక్ష్మీకాంతమ్మ. "కిందికొస్తున్నది. ఇటే వస్తున్నది."

మోత పెరిగింది. వీధిలో ఈలలు, కేకలు. లీలమ్మ బల్ల కాలు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. మోత ఇంటి మీద నుంచి పోయింది. పైకప్పు నుంచి సున్నం పొడి రాలి ఆమె చేతి మీద పడింది. తర్వాత చప్పుడు సన్నబడుతూ పోయింది.

"పోయింది" అంది లక్ష్మీకాంతమ్మ లోపలికి వచ్చి. "ఇప్పుడు సక్కగ పోతున్నది. అటిటు వంగుత లేదు. నిమ్మలంగ, కావడి మోసెటోని లెక్క పోతున్నది. వానికి తెలిసినట్టున్నది లీలమ్మా."

లీలమ్మ ఫోనులోకి "హలో, హలో" అంది. ఒక కర్రుమన్న శబ్దం వచ్చి లైను తెగిపోయింది. లక్ష్మీకాంతమ్మ మళ్ళీ మళ్ళీ నొక్కింది. ప్రతిసారీ ఎంగేజు.

సేటు వచ్చే వేళయింది. లీలమ్మ అక్కడ ఉండలేకపోయింది. లక్ష్మీకాంతమ్మ తన చెప్పులు ఇచ్చింది, నీళ్ళు తాగించింది, మెట్ల దాకా వచ్చింది. "ఏమన్న తెలిస్తే నాకు చెప్పాలె. లేకుంటె నాకు నిద్ర వట్టది" అంది.

తిరిగి వచ్చే దారి పోయిన దారికంటే పొడుగైంది. బేగంబజార్ దాటకముందే ఒకడు సైకిలు దిగి చెబుతున్నాడు: "గిర్ గయా! గిర్ గయా కతే!" చుట్టూ జనం మూగారు. విమానం హుస్సేన్‌సాగర్‌లో పడ్డదని ఒకడు, కాదు, ఎయిర్‌ఫీల్డ్‌లో జనం మీదే పడ్డదని ఇంకొకడు. పల్టీలు కొట్టాల్సింది కొట్టలేదట, మైకు బందు చేశారట, మనుషులను బయటికి పంపేస్తున్నారట. లీలమ్మ ఆ గుంపును దాటి నడిచింది. ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే నిజమని చెబుతారేమోనని భయం.

ఇంట్లో ఆగమ్మ పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని ఉంది. కోడలిని చూసి ఒక్క మాట అడిగింది. "చెప్పినవా?"

"చెప్పిన."

ఆగమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. నానబెట్టిన కోటు బకెట్టులోనే ఉంది. లీలమ్మ దాన్ని తీసి ఉతికింది. ఉతికినదాన్నే మళ్ళీ ఉతికింది. గల్లీలో ఎవరు నడిచినా చేతులు ఆగిపోతున్నాయి.

దీపాలు పెట్టే వేళకు మొగులయ్య సైకిలు మీద వచ్చాడు. గుమ్మం ముందు దిగుతూనే, స్టాండు కూడా వెయ్యకుండా, "దిగింది చెల్లే. మంచిగ దిగింది. పైలట్ సాబ్‌కు ఏం గాలే" అన్నాడు. సైకిలు పక్కకు పడిపోయింది. లీలమ్మ గడప మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రాజన్నను అధికారులు ఉండమన్నారని, పొద్దున వస్తాడని చెప్పి మొగులయ్య సైకిలెత్తుకుని వెళ్ళిపోయాడు.

రాజన్న మరునాడు ఎండెక్కాక వచ్చాడు. ఒక్కరోజులో బుగ్గలు లోపలికి పోయాయి. చెంబెడు నీళ్ళు తాగి, గోడకు ఆనుకుని కూర్చుని, అడగకుండానే చెప్పాడు.

"రెండూ ఒక్క పేలికల చుట్టిన. పాతది తీసిన, కొత్తది పెట్టబోతున్న, కరెంటు పోయింది. టార్చి తేనీకె నేనే లేసిన. మల్ల వచ్చి చేతికి దొరికింది ఎక్కిచ్చిన. నూనె వట్టి రెండూ ఒక్కతీరే ఉన్నయి. గోరు పెట్టి చూసేది ఉండె. చూడలే."

"రేడియోల చెప్పిండ్రా?"

"మొదలు వినవడలే వానికి. నా ముంగటనే పిలుస్తున్నరు, పిలుస్తున్నరు. వాడు ఊరి మీద నిట్టనిలువు లేపిండు." రాజన్న కళ్ళు మూసుకున్నాడు. "కిందికొచ్చినంక వినవడ్డది. అప్పటిసంది ముక్కును గట్టిగ లాగకుంట, మెల్లమెల్లగ దించుకుంట వచ్చిండు. నేను రన్‌వే పక్కన నిలవడ్డ. చక్రాలు నేలకు తాకేదాక నాకు చెవులు వినవడలే. దిగినంక తోక విప్పినం. బోల్టు సగం దాక పలిగి ఉన్నది లీలా. సగం దాక. మల్లొక్కసారి గట్టిగ లాగి ఉంటే..."

అరచేతిని గాలిలో పట్టాడు గానీ వంచలేదు.

"పైలట్ సాబ్ ఏమన్నడు?"

"ఆ బోల్టు చేతుల పట్టుకొని చాలసేపు చూసిండు. ఫోన్ చేసింది ఎవరని అడిగిండు. నా భార్య అన్న. నీకు సలాం చెప్పమన్నడు."

లీలమ్మ తల వంచుకుంది. "నేను చెప్పకుంటే నీ నౌకరి—"

"చెప్పకుంటే నేను బతుకుదునా?" అన్నాడు రాజన్న. ఆ మాట కోపంగానే వచ్చింది. ఆ తర్వాత మొదటిసారి ఏడ్చాడు.

నౌకరీ పోలేదు. విచారణ చాలాకాలం సాగింది. తప్పు తనదేనని అతను మొదటి రోజే ఒప్పుకున్నాడు, బిగించాక తనిఖీ చేసి సరే అన్నవాళ్ళను కూడా అడిగారు. చివరకు విమానాలు ముట్టకుండా అతన్ని స్టోర్సుకు మార్చారు. అయితే మారింది అదొక్కటే కాదు. ఇంట్లో కిరోసిన్ స్టవ్వు ఆర్పాక లేచి వెళ్ళి మళ్ళీ చూసేవాడు. తలుపు గడియ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టేవాడు. పిల్లల చెప్పుల బకిల్సు వేలితో లాగి చూసేవాడు. "నువ్వు కూడ ఒకసారి చూడు లీలా" అనేవాడు. ఆమె విసుక్కోకుండా లేచి చూసేది. లక్ష్మీకాంతమ్మకు మాత్రం ఆ వారమే వెళ్ళి అంతా చెప్పి వచ్చింది. ఇద్దరూ మిరపకాయల బస్తాల చాటున నిలబడి గుసగుసలాడుకున్నారు. ఆగమ్మ కోడలితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడేది కాదు.

మరుసటి ఏడు చలికాలంలో ఆ విమానం మళ్ళీ వచ్చింది. బాగు చేసింది వేరే మనుషులు. గల్లీ అంతా మళ్ళీ డాబాలెక్కింది. పిల్లలు ఏడ్చి గోల చేస్తే రాజన్న కూడా ఎక్కాడు. విమానాన్ని మామూలు జనంలో నిలబడి చూడటం అతనికి అదే మొదలు. ఉత్తరం నుంచి ఆ గరగర మోత వినిపించగానే పిట్టగోడ పట్టుకున్నాడు. "నాతోని కాదు" అని, మెట్లు వెతుక్కుంటూ దిగిపోయాడు.

లీలమ్మ అతని వెంట కదిలింది. ఆగమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"వాని దగ్గరికి నేను పోత" అంది. "నువ్వుండు బిడ్డా. పిల్లలకు చూపియ్యి."

విమానం వచ్చింది. పగటి వెలుతురులో దాని రెక్కలు గుండ్రంగా, పల్చగా ఉన్నాయి. అంత చిన్నదని ఆమె అనుకోలేదు. లోపల మనిషి తల నల్ల చుక్కలా కనబడింది. పిల్లలు గంతులేస్తూ చేతులూపారు. లీలమ్మ వాళ్ళిద్దరి భుజాలు గట్టిగా పట్టుకుని, రెప్ప వెయ్యకుండా దాని తోకనే చూసింది. విమానం చార్మినార్ వైపు పోయింది, ముక్కు ఎత్తింది, నిట్టనిలువుగా లేచింది, వంగింది, మళ్ళీ ఇళ్ళ మీదుగా వెనక్కి వచ్చింది. చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా ఆమె కదలలేదు. ఆ తర్వాత గాని చేతులు వదలలేదు. "నొస్తున్నది అమ్మా" అంటోంది చిన్నది.

కిందికి దిగితే రాజన్న తల్లి ఒడి దగ్గర, మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. చెవుల మీద చేతులున్నాయి. ఆగమ్మ అతని వీపు రాస్తోంది.

"పోయిందా?" అన్నాడు తల ఎత్తకుండా.

"పోయింది."

"సక్కగనే?"

"సక్కగనే పోయింది. నేను చూసిన."

రాజన్న చెవుల మీద నుంచి చేతులు తీశాడు. చాప పరుచుకుని పడుకున్నాడు. స్టవ్వు చూడమనలేదు, తలుపు చూడమనలేదు. లీలమ్మ పిల్లలను గల్లీలోకి పంపించి, తలుపు దగ్గరగా వేసింది.